బీచ్‌కి బయల్దేరే ముందు: ఎండ విషయంలో జాగ్రత్తలు

మంట పుట్టాక నీడలోకి వెళ్దామని ఆగకండి. చర్మం కమిలిన సంగతి చాలాసార్లు కొన్ని గంటల తర్వాతే బయటపడుతుంది, మరుసటి రోజుకి ముదురుతుంది. అందుకే ఎండలో ఎంతసేపు ఉండాలో ముందే అనుకుని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఇసుకలో పడుకుని నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

రోజూ వేసుకునే మందుల గురించి డాక్టర్‌ని అడగండి. డాక్సీసైక్లిన్ (ఒక యాంటీబయాటిక్) లాంటివి వాడుతుంటే కాసేపటి ఎండకే ఒళ్లు కాలిపోవచ్చు. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు, దయచేసి మీరు పట్టించుకోండి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె) 30కి తగ్గకుండా, 'బ్రాడ్ స్పెక్ట్రమ్' (యూవీఏ, యూవీబీ రెండిటినీ అడ్డుకునేది) అని రాసి ఉన్నదే కొనండి. ఈ రెండూ ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో రకాలు; ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల గురించే చెబుతుంది, యూవీఏ సంగతి చెప్పదు.

పెద్దవాళ్ల ఒంటికి ఒకసారికి సుమారు 30 మి.లీ. కావాలి. పల్చగా రాస్తే డబ్బా మీద ఉన్నంత రక్షణ రాదు. బయటికి వెళ్లడానికి 15 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయండి.

చెవులు, పెదవులు, పాదాల పైభాగం మరవద్దు.

మబ్బు పట్టినా మానొద్దు, యూవీ మబ్బుల్ని దాటి వస్తుంది.

ఆరు నెలల లోపు పిల్లల్ని నీడలోనే ఉంచండి.

టాన్ కోసమే వెళ్తున్నారా? రంగు మారడమంటేనే చర్మ కణాలు దెబ్బతిన్నాయని అర్థం. రంగే కావాలంటే సెల్ఫ్ టానర్ (ఎండ లేకుండానే చర్మానికి రంగు తెచ్చే క్రీమ్) నయం, అయితే అది ఎండని ఆపదు. సన్‌స్క్రీన్ తప్పదు.