ప్రెజెంటేషన్ ఎలా ఇవ్వాలి? ముందు మాట, తర్వాత స్లైడ్

చాలా ఏళ్లుగా ప్రెజెంటేషన్లు ఇస్తున్నాను, ఇచ్చినవాటికి ఎన్నో రెట్లు కూర్చుని విన్నాను. చెడిపోయినవాటిలో ఎక్కువ భాగం ఒకే చోట చెడిపోవడం చూశాను. ఒక స్లైడ్ నుంచి ఇంకో స్లైడ్‌కి మారే ఆ నాలుగైదు సెకన్ల దగ్గర. దాని గురించి వివరంగా చెప్తాను. మిగతావి గబగబా ముగించేద్దాం.

కావలసినవి

ల్యాప్‌టాప్, ఛార్జర్, క్లిక్కర్ (దూరం నుంచి స్లైడ్లు మార్చే చిన్న రిమోట్), దానికి ఒక స్పేర్ బ్యాటరీ, ప్రొజెక్టర్ కేబుల్‌కి సరిపోయే అడాప్టర్. పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలు, దాని పీడీఎఫ్ కాపీ. పవర్‌పాయింట్ అయినా గూగుల్ స్లైడ్స్ అయినా పర్లేదు. వీటన్నిటికంటే ముందు కాగితం, పెన్ను.

1. కాగితం మీద మొదలుపెట్టండి

విన్నవాళ్లు దేనికి ఒప్పుకోవాలని మీరు కోరుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం కుదిరేదాకా ల్యాప్‌టాప్ తెరవొద్దు. కుదిరాక, దాని మీద వాళ్లకు వచ్చే ప్రశ్నలు వరుసగా రాసుకోండి. ఒక్కో జవాబుకు ఒక్కో స్లైడ్.

2. స్లైడ్లు తయారుచేయండి

శీర్షిక పూర్తి వాక్యంగా ఉండాలి. ‘అమ్మకాల వివరాలు’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ‘మార్చి నుంచి అమ్మకాలు తగ్గుతున్నాయి’ అని పెట్టండి. అక్షరాలు 28 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగులో వేస్తే లైన్ల మధ్య ఎడం పెంచండి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. వెలుతురున్న గదికి తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, ముదురు అక్షరాలు. తెలుపు మీద పసుపు గీత ప్రొజెక్టర్‌లో కనబడదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు మగవాళ్లలో తక్కువేం కాదు, కాబట్టి అర్థాన్ని ఆ రెండు రంగులకే వదిలేయకండి. యానిమేషన్లు అసలు వద్దు.

స్లైడ్‌కు ఆరు లైన్లు, లైనుకు ఆరు పదాలు అని ఒక రూలు చెప్తుంటారు. నేను ఒప్పుకోను. ఆరు లైన్లకు చోటిస్తే ఎవరైనా ఆరూ నింపుతారు, అసలు సంగతి అట్టడుగుకి పోతుంది. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక పైకి లేస్తున్నప్పుడు ఇంధన ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నష్టాన్ని అంచనా వేసిన ఇంజినీర్లు నాసాకు చూపించిన స్లైడ్లలో ఒకదాని శీర్షిక ధైర్యం చెప్తున్నట్టే ఉంది. అట్టడుగు లైనులో మాత్రం అసలు కబురు ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలైతే, తగిలిన ముక్క 1,920 ఘనపు అంగుళాలని అంచనా. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. స్లైడ్ వల్లే ప్రమాదం జరిగిందని అనలేం. కానీ విచారణ బోర్డు నివేదిక ఆ స్లైడ్‌ని ప్రత్యేకంగా ఎత్తి చూపింది. అందుకే నా స్లైడ్‌లో ఒక్కటే సంగతి ఉంటుంది, అదీ పైనే ఉంటుంది.

3. స్లైడ్ మార్చండి

ఇక్కడ నెమ్మదిగా చదవండి. కొత్త స్లైడ్ తెర మీద పడగానే గదిలో అందరూ చదవడం మొదలుపెడతారు. వద్దన్నా చదువుతారు. చదువుతున్నంతసేపూ మీ మాట చెవిన పడినా బుర్రకెక్కదు. చదివేదీ మాటలే, వినేదీ మాటలే, రెండింటినీ ఒకేసారి పట్టుకోవడం మనిషి వల్ల కాదు. ఇది గుర్తించక, చాలామంది స్లైడ్ మార్చి, తెర వైపు తిరిగి, ‘ఆ... ఇక్కడ ఏంటంటే’ అని మొదలుపెడతారు. వాళ్లూ అప్పుడే చదువుకుంటున్నారన్నమాట. అలా నాలుగు స్లైడ్లు గడిచేసరికి జనం ఫోన్లు తీస్తారు.

చేయాల్సింది ఇది. పాత స్లైడ్ ఇంకా తెర మీద ఉండగానే, రాబోయేది దేని గురించో ఒక్క వాక్యంలో చెప్పండి. ‘అమ్మకాలు తగ్గాయన్నాను కదా, ఏ ఊళ్లలో తగ్గాయో చూద్దాం.’ అప్పుడు బటన్ నొక్కండి. నొక్కాక మాట్లాడకండి.

ఎంతసేపు ఆగాలి? మనసులో మూడు లెక్కపెట్టమంటారు కొందరు. లెక్కపెట్టకండి, ముందు వరసలో ఒకరిద్దరి కళ్లు చూడండి. అవి తెర మీదికి వెళ్తాయి, ఎడమ నుంచి కుడికి కదులుతాయి, ఒకచోట కాసేపు నిలుస్తాయి, తర్వాత మీ మొహం మీదికి వస్తాయి. అలా వచ్చినప్పుడే నోరు తెరవండి. చిన్న స్లైడ్‌కి రెండు సెకన్లు చాలు, గ్రాఫ్‌కి అయిదారు పడుతుంది. నిలబడ్డవాళ్లకు ఆ కాసేపే యుగంలా ఉంటుంది. మొదట్లో నాకు గుండె దడదడలాడేది. కూర్చున్నవాళ్లకు ఆ నిశ్శబ్దం తెలియనే తెలియదు.

స్లైడ్లను కలిపే ఆ వాక్యాల్ని మాత్రం బట్టీ పట్టండి. మిగతాది పట్టొద్దు, అప్పజెప్పినట్టు ఉంటుంది. ప్రెజెంటర్ వ్యూలో, అంటే మీ ల్యాప్‌టాప్‌లో మీకు మాత్రమే కనిపించే తెరలో, తర్వాతి స్లైడ్ కనబడుతుంది కదా అని దాన్నే నమ్ముకోకండి. కొన్ని గదుల్లో తెర మీద ఉన్నదే మీ ల్యాప్‌టాప్‌లోనూ కనబడుతుంది. చిన్న కార్డు మీద స్లైడ్‌కొక వాక్యం రాసి చేతిలో ఉంచుకోండి. నొక్కిన వెంటనే క్లిక్కర్ బటన్ మీంచి వేలు తీసేయండి, టెన్షన్‌లో రెండోసారి నొక్కితే రెండు స్లైడ్లు దాటిపోతాయి.

గ్రాఫ్ అయితే ఇంకొంచెం జాగ్రత్త. కళ్లు మీ వైపు తిరిగాక ముందు గీతలు చెప్పండి: ‘అడ్డంగా నెలలు, నిలువుగా ఫిర్యాదులు, పైకి పోతే మనకు నష్టం.’ తర్వాత ఒక్క చుక్క చూపించండి: ‘ఇది జూన్, 40 ఫిర్యాదులు వచ్చాయి.’ ఆ తర్వాతే మొత్తం లైను. నేను ఒకే గ్రాఫ్‌ని మూడు స్లైడ్లుగా వేస్తాను: ఖాళీ గీతలు, ఒక చుక్క, పూర్తి లైను. ఒకసారి హడావుడిలో గీతల సంగతి చెప్పకుండా దాటేశాను. లైను పైకి పోవడం చూసి, నిర్ణయం తీసుకోవాల్సిన పెద్దాయన బాగుందన్నట్టు తలూపారు. పెరిగినవి ఫిర్యాదులని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. నాకిచ్చిన సమయమే ఇరవై నిమిషాలు.

స్లైడ్‌తో సంబంధం లేని సంగతి మాట్లాడాల్సి వస్తే, పవర్‌పాయింట్ స్లైడ్ షోలో కీబోర్డు మీద ‘బి’ నొక్కండి. తెర నల్లబడుతుంది, అందరూ మీ వైపు చూస్తారు. మళ్లీ నొక్కితే స్లైడ్ వస్తుంది.

4. రిహార్సల్

నిలబడి, గొంతెత్తి, క్లిక్కర్ చేత్తో పట్టుకుని రెండుసార్లు. కూర్చుని మనసులో అనుకుంటే అది రిహార్సల్ కాదు.

5. ప్రశ్నలు

చివర్లో ‘ధన్యవాదాలు’ స్లైడ్ పెట్టకండి, ఆ మాట నోటితో చెప్పండి. ప్రశ్నలు నడిచినంతసేపూ తెర మీద ఉండేది చివరి స్లైడే. మొదట కాగితం మీద రాసుకున్న వాక్యం అక్కడ ఉండాలి. దాని తర్వాత, అడుగుతారనుకున్న ప్రశ్నలకు రెండు మూడు స్లైడ్లు అదనంగా పెట్టుకుని, వాటి నంబర్లు కార్డు మీద రాసుకోండి. పవర్‌పాయింట్‌లో నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడ్‌కి వెళ్తుంది. ఇక్కడా వరుస అదే: ముందు జవాబు ఒక్క వాక్యంలో చెప్పండి, తర్వాత నంబరు కొట్టండి.