ఈత కొలను దగ్గర ఘాటు వాసన వస్తే
వేసవి సెలవుల్లో విజయవాడ నుంచి పిల్లలతో వెళ్లి, పైకప్పు ఉన్న ఒక వాటర్ పార్కు రిసార్టులో ఒక రాత్రి బస చేసిన మాకు మిగిలినవి ఎర్రబడిన కళ్లు, తడి తువ్వాళ్లు మాత్రమే. గది మధ్యాహ్నం 2 గంటలకు ఇచ్చి, జారుడుబల్లలను సాయంత్రం 6 గంటలకే ఆపేశారు. కాబట్టి ఆటల వేళలను డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో రాయించుకోండి. ముక్కు మండించే క్లోరిన్ వాసనను శుభ్రతకు గుర్తుగా పొరబడకండి (మేము పొరబడ్డాం). నీటిలోని క్లోరిన్ చెమట, మూత్రాలతో కలిసి క్లోరమైన్లు అనే రసాయనాలుగా మారడం వల్ల పుట్టే ఆ ఘాటు, గాలి ఆడని హాలులో నీటి మట్టానికి కాస్త పైన, అంటే సరిగ్గా పిల్లల ముక్కు దగ్గరే పేరుకుంటుంది. అలాంటి చోట పిల్లలను తరచూ బయటి గాలికి తీసుకురండి. ఈత కళ్లద్దాలను మాత్రం విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లోనే కొనుక్కొని వెళ్లండి.