టీమ్ పద్ధతిలో హౌస్‌కీపింగ్: పని ఎక్కడ తడబడుతుంది, ఎలా సరిచేయాలి

హైదరాబాద్ ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో హౌస్‌కీపింగ్ అంటే ఇన్నాళ్లూ చాలాచోట్ల ఒకటే లెక్క: ఒక్కో ఫ్లోర్ ఒక్కొక్కరికి. ఊడ్చడం, తుడవడం, చెత్త ఎత్తడం, వాష్‌రూం కడగడం అన్నీ ఆ ఒక్కరే చూసుకోవాలి. టీమ్ పద్ధతిలో ఫ్లోర్లకు బదులు పనులు పంచుతారు. ఒకరు డెస్కులు దులుపుతూ, చెత్తబుట్టలు ఖాళీ చేస్తూ ముందు నడుస్తారు. వెనకాలే ఇంకొకరు ఊడుస్తారు లేదా వాక్యూమ్ కొడతారు. మూడో మనిషి వాష్‌రూంలు. నాలుగో మనిషి మాపింగ్, అద్దాలు, లిఫ్టు, మెట్లు. ఇలా ఒక ఫ్లోర్ తర్వాత ఇంకో ఫ్లోర్ పూర్తి చేసుకుంటూ పోతారు. ఫ్లోర్‌కో వాక్యూమ్ మెషీన్ అక్కర్లేదు, ఎవరి పనిలో వాళ్లకు చెయ్యి తిరుగుతుంది.

మంచి పద్ధతే. కానీ మొదటి రెండు మూడు వారాల్లో చాలా సైట్లలో తడబడుతుంది. అప్పుడు సూపర్‌వైజర్ నోట వచ్చే మొదటి మాట, "వీళ్లకు పని చేసే ఉద్దేశం లేదు" అని. ఆ మాట అనే ముందు పని ఎలా పంచారో ఒకసారి చూడండి. నేను చూసినంతలో లోపం ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

సమస్య: ఒకరు ఖాళీగా కూర్చుంటున్నారు, ఇంకొకరికి షిఫ్ట్ దాటినా పని తెమలడం లేదు

కారణం: నాలుగు పనులకూ పట్టే టైమ్ సమానంగా లేదు. ఒక ఆరు ఫ్లోర్ల ఆఫీసు అనుకుందాం. డస్టింగ్‌కు ఫ్లోర్‌కు 30 నిమిషాలు, మాపింగ్‌కు 45 నిమిషాలు పడుతుంది. డస్టింగ్ మనిషి మూడు గంటల్లో ఆరు ఫ్లోర్లూ ముగించేస్తారు. మాపింగ్ మనిషి ఆమె వెనకాలే మొదలుపెట్టినా, అయిదు గంటలకు గానీ బయటపడరు. ఆ రెండు గంటలూ ఒకరు ఖాళీగా కనిపిస్తారు, ఇంకొకరికి నడుము విరుగుతుంది. చూసేవాళ్లకు ఒకరు బద్ధకస్తులు, ఇంకొకరు పని చేతకానివాళ్లు అనిపిస్తారు. నిజానికి ఇద్దరి తప్పూ లేదు.

పరిష్కారం: గడియారం పట్టుకుని ఒక్క ఫ్లోర్ మీద కొలవండి. అన్ని ఫ్లోర్లకూ ఒకేసారి మార్చకండి. పై లెక్కలో అద్దాల తలుపులు, లిఫ్టు బటన్లు తుడవడం డస్టింగ్ మనిషికి ఇస్తే ఇద్దరికీ 37, 38 నిమిషాల చొప్పున సరిపోతుంది, మొత్తం పని అరగంటకు పైగా ముందే ముగుస్తుంది. కొలిచేటప్పుడు మీటింగ్ రూములు, పాంట్రీ ఉన్న ఫ్లోర్‌ను విడిగా కొలవండి. దానికి పట్టే టైమ్ వేరు.

సమస్య: కొలుస్తున్నప్పుడు అందరూ కావాలనే నెమ్మదిగా చేస్తున్నారు

కారణం: భయం. టీమ్ పద్ధతి అనగానే "ఎవర్నో ఇద్దర్ని తీసేస్తారంట" అన్న మాట స్టోర్ రూమ్‌లో అప్పటికే తిరుగుతుంటుంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. మనుషుల్ని తగ్గించుకోవడానికే ఈ పద్ధతి తెచ్చే కాంట్రాక్టులు ఉన్నాయి. ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఈ జీతం మీదే నడిచే మనిషి తన పని 30 నిమిషాలదని తనే ఎందుకు చూపిస్తుంది?

పరిష్కారం: కొలవకముందే మేనేజర్ వచ్చి అందరి ముందూ చెప్పాలి, ఎవర్నీ తీయడం లేదని. ఊరికే చెప్పడం కాదు, ఆ మాటను తెలుగులో, హిందీలో రాసి సంతకం పెట్టి బోర్డు మీద అతికించాలి. మిగిలిన టైమ్‌లో ఏం చేయిస్తారో కూడా అందులోనే ఉండాలి: ఏసీ గ్రిల్లులు, కుర్చీల కాళ్లు, కిటికీ పట్టాలు లాంటి వారానికోసారి పనులు. ఆ సంతకం పెట్టడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే ఈ పద్ధతి మొదలుపెట్టకండి. నమ్మకం లేని టీమ్ నుంచి సరైన లెక్క రాదు.

సమస్య: వాష్‌రూం డ్యూటీ పడ్డవాళ్లు మానేస్తున్నారు

అన్నిటికంటే బరువైన సమస్య ఇదే. పాత పద్ధతిలో ప్రతి ఒక్కరూ తమ ఫ్లోర్ వాష్‌రూం తామే కడిగేవారు. టీమ్ పద్ధతిలో అది ఒకరి నెత్తిన పడుతుంది. చాలాచోట్ల ఆ ఒక్కరు ఎవరన్నది కులం చూసో, కొత్తగా చేరారనో, ఎదురు మాట్లాడరనో ఖాయమైపోతుంది. ఎవరూ పైకి అనరు. రోస్టర్ (డ్యూటీల పట్టిక) మాత్రం నెలల తరబడి మారదు. తోటివాళ్లు ఆమె పక్కన టిఫిన్ డబ్బా విప్పడం మానేస్తే, ఆమె రెండో నెల ఎందుకుంటుంది?

పరిష్కారం: వారం వారం అందరికీ రొటేషన్ తప్పనిసరి. లేడీస్ వాష్‌రూం ఆడవాళ్లకు, జెంట్స్ వాష్‌రూం మగవాళ్లకు, అందరికీ వంతు రావాలి. టీమ్ లీడర్ పేరు కూడా రోస్టర్‌లో ఉండాలి. ఆ వారానికి అలవెన్స్ ఇప్పించగలిగితే ఇప్పించండి. మోచేతి దాకా వచ్చే గ్లవ్స్, గమ్ బూట్లు ఎవరి సైజువి వాళ్లకు ఇవ్వండి. ఒకరి తడి గ్లవ్స్ ఇంకొకరికి తొడిగించకండి.

పని చేసే వరస కూడా నేర్పాలి. మన దగ్గర చాలా బిల్డింగులు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్ల మీదే నడుస్తాయి. ఆ ఉప్పు నీటికి కమోడ్లలో తెల్లటి, పసుపు పచ్చని గార కడుతుంది. అది పోవడం లేదని కిరాణా కొట్టు యాసిడ్ బాటిల్ తెచ్చి పోస్తారు. టైల్స్ మధ్య సిమెంటు తినేస్తుంది, కుళాయిల మెరుపు పోతుంది, పోసే మనిషి ఊపిరితిత్తులు పాడవుతాయి. అంత అవసరం లేదు. లోపలికి వెళ్లగానే ముందు అన్ని కమోడ్లలో టాయిలెట్ క్లీనర్ అంచు కిందుగా తిప్పి పోసేయాలి. అది పది నిమిషాలు నానుతుండగా అద్దాలు, వాష్‌బేసిన్లు, కుళాయిలు, తలుపు పిడులు తుడవాలి. తర్వాత వెనక్కి వచ్చి బ్రష్ కొడితే సగం శ్రమతో గార వదులుతుంది. నేల చివర్లో, లోపలి మూల నుంచి తలుపు వైపు వెనక్కి నడుస్తూ తుడవాలి. ఒకే పని వరసగా చేసే మనిషికి ఇది రెండు మూడు రోజుల్లో చేతికి అలవాటవుతుంది. టీమ్ పద్ధతి అసలు లాభం ఇక్కడే కనిపిస్తుంది.

రెండు విషయాల్లో రాజీ లేదు. యాసిడ్ ఉన్న క్లీనర్‌నూ బ్లీచింగ్‌నూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన చిన్న వాష్‌రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. రెండోది, డ్రైనేజీ జామ్ అయితే మ్యాన్‌హోల్‌లోకో సెప్టిక్ ట్యాంకులోకో హౌస్‌కీపింగ్ మనిషిని దింపకూడదు. రక్షణ పరికరాలు లేకుండా దింపడం మాన్యువల్ స్కావెంజింగ్‌ను (మనిషి చేత మలం ఎత్తించడాన్ని) నిషేధించే 2013 చట్టం ప్రకారం నేరం. మెషీన్ ఉన్నవాళ్లను పిలిపించాలి. "ఒక్కసారికే కదా అన్నా" అని ఎవరు బతిమాలినా ఒప్పుకోకండి.

సమస్య: కంప్లయింట్ వస్తే "అది నా పని కాదు సార్" అంటున్నారు

కారణం: పనులు పంచినప్పుడు మధ్యలో కొన్ని జారిపోయాయి. పాంట్రీ సింకు, లిఫ్టు గాడిలో దుమ్ము, వాష్‌రూం బయటి తలుపు, కుండీల కింద పళ్లాలు. ఒక ఫ్లోర్ ఒకరి చేతిలో ఉన్నప్పుడు ఇవన్నీ ఆ అక్క చూసుకునేది. ఏ డెస్క్ మీద మందుల డబ్బా ఉంటుందో, ఏ కేబుల్ కదిపితే సార్ కంప్యూటర్ ఆగిపోతుందో కూడా ఆమెకు తెలుసు.

పరిష్కారం: పాత ఫ్లోర్ అక్కలను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు చెప్తుంటే ఎవరు ఏ పని చేయాలో చెప్పే జాబ్ కార్డులు రాయండి. ఆఫీసులో కూర్చుని రాసిన లిస్టు కంటే వాళ్లు చెప్పింది పక్కాగా ఉంటుంది. ఇన్నేళ్లు నా ఫ్లోర్ అనుకున్నది చేజారిందన్న బాధ కూడా కొంత తగ్గుతుంది. కార్డు మీద అక్షరాలతో పాటు ఫొటోలు పెట్టండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లకు తెలుగు రాదు, చదువు రానివాళ్లూ ఉంటారు. తుడిచే బట్టల రంగులు కూడా ఆ కార్డు మీదే: టాయిలెట్లకు ఎరుపు, వాష్‌బేసిన్లకు పసుపు, పాంట్రీకి ఆకుపచ్చ, డెస్కులకు నీలం.

సమస్య: మాప్ కొట్టాక గ్రానైట్ మీద తెల్ల చారలు, కాలికి జిగురు

బకెట్‌లో లిక్విడ్ ఎక్కువైంది, లేదా నీళ్లు మార్చలేదు. మూతతో కొలిచి, బాటిల్ మీద రాసినంతే పోయించండి. రెండు బకెట్లు పెట్టండి, ఒకటి మందు నీళ్లకు, ఒకటి మాప్ జాడించడానికి. వాన రోజుల్లో లాబీలో బురద మరకలకు మాత్రం లిక్విడ్ పని చేయదు. గుమ్మం దగ్గర పొడుగాటి మ్యాట్లు వేసి, వాన పడినంతసేపూ నాలుగో మనిషిని కిందే ఉంచండి.

సమస్య: ఒక్కరు రాకపోతే బిల్డింగ్ మొత్తం ఆగిపోతోంది

పాత పద్ధతిలో ఒకరు రాకపోతే ఒక ఫ్లోర్ దెబ్బతినేది. ఇప్పుడు గొలుసు తెగినట్టే. కాబట్టి ప్రతి ఒక్కరికీ తమ పనితో పాటు ఇంకో పని కూడా నేర్పించాలి. ముగ్గురే వచ్చిన రోజు ఏది వదలాలో ముందే రాసి ఉండాలి. వాష్‌రూంలు, చెత్త, పాంట్రీ వదలకూడదు. డస్టింగ్ ఒక్కరోజు ఆగినా ఫర్వాలేదు.

ఆలస్యం కూడా ఇలాంటిదే. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, చాలామంది అక్కలు బస్సులోనే వస్తారు. బోరబండ నుంచో లింగంపల్లి నుంచో మాదాపూర్ చేరేసరికి ట్రాఫిక్‌లో అరగంట అటూ ఇటూ అవుతుంది. ముందు నడిచే డస్టింగ్ పని సైట్‌కు దగ్గర్లో ఉండే మనిషికి ఇవ్వండి, దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆ వెనక పనులు.

పండగ సెలవులకు ఒకే రూలు పెట్టకండి. ఆషాఢంలో బోనాలు అందరికీ ఒకే రోజు రావు. గోల్కొండతో మొదలవుతాయి, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆపైన పాతబస్తీ లాల్ దర్వాజ. ఎవరిది ఏ బస్తీయో ఆషాఢానికి ముందే అడిగి రాసుకుంటే ఒకరి బోనాలకు ఇంకొకరు డ్యూటీ చేస్తారు. సంక్రాంతికి, బతుకమ్మకు మాత్రం చాలామంది ఒకేసారి ఊళ్లకు వెళ్తారు. ఆ వారానికి రిలీవర్లు (బదులుగా పని చేసేవాళ్లు) కావాలని ఏజెన్సీకి నెల ముందే చెప్పి, వచ్చేవాళ్ల పేర్లతో సహా రోస్టర్ తెప్పించుకోండి.