విదేశీ ఫోన్‌లో మన సిమ్ వేసే ముందు

దుబాయ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన అన్‌లాక్డ్ (ఏ కంపెనీ సిమ్ అయినా పనిచేసే) ఫోన్‌ని పర్లాకిమిడిలో కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇవి చూసుకోండి.

- జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లు మార్చి మార్చి వేయండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’లో ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉండాలి.

- సిగ్నల్ గీతలు కనబడితే చాలదు, కాల్ చేసి మాట్లాడండి. జియోకి 2జీ, 3జీ లేవు. వోల్టీ (4జీ మీదే కాల్ వెళ్లే పద్ధతి) పనిచేయని ఫోన్‌లో నెట్ వస్తుంది గానీ మామూలు కాల్ వెళ్లదు. అర్ధరాత్రి 108కి చేయాల్సొస్తే ప్రాణం మీదకొస్తుంది. ఈ ఒక్కటీ వదలొద్దు.

- మహేంద్రగిరి వైపు ఊళ్లకి 5, 8 బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే తరంగాల నంబర్లు) ఫోన్‌లో ఉండటం ముఖ్యం. ఆ సిగ్నల్ దూరం పోతుంది.

- అమెరికా ఐఫోన్ 14 నుంచి సిమ్ ట్రే లేదు, ఈ-సిమే (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్).

- *#06# నొక్కి ఐఎంఈఐని (ఫోన్ గుర్తింపు నంబర్‌ని) బిల్లుతో సరిచూడండి. బిల్లు లేకపోతే కొనకండి.