పెళ్లి చేసుకోని చిత్రకారిణి కుటుంబ చరిత్ర: తోబుట్టువుల కాగితాల్లో వెతకడం ఎలా

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పెళ్లి చేసుకోకుండా బొమ్మలు వేసుకుంటూ బతికిన స్త్రీ చరిత్ర రాయాలనుకుంటే, ఆమె పుట్టుక దగ్గర కాదు, మరణం దగ్గర మొదలుపెట్టండి. పిల్లలు లేరు కాబట్టి ఉత్తరాలు, స్కెచ్ పుస్తకాలు, అమ్ముడుపోని బొమ్మలు తోబుట్టువులకో, వాళ్ల పిల్లలకో చేరి ఉంటాయి. ఎవరికి చేరాయో చెప్పే కాగితం వీలునామా.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1858 జనవరి 12 నుంచి ప్రొబేట్ (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం) పనంతా ఒకే కోర్టు కిందికి వచ్చింది. అప్పట్నుంచి ఏటేటా అచ్చయిన సూచికలను ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. ఆమె చనిపోయిన ఏడాదిలో పేరు కనిపించకపోతే తర్వాతి మూడు నాలుగేళ్లూ చూడండి, ఆలస్యంగా నమోదైనవి చాలానే ఉంటాయి. పేరు పక్కన చిరునామా, చనిపోయిన తేదీ, 'స్పిన్‌స్టర్' (పెళ్లికాని స్త్రీ) అనే మాట, వీలునామా అమలు చేసినవాళ్ల పేర్లు ఉంటాయి. అంతటితో సరిపెట్టుకోకుండా వీలునామా నకలు తెప్పించుకోండి. వీలునామా రాయకుండా పోతే 'అడ్మినిస్ట్రేషన్' (ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టే అధికారం) అని రాసి ఉంటుంది. అది అన్నకో చెల్లికో దక్కిందంటే తండ్రి అప్పటికే పోయి ఉండాలి, ఎందుకంటే ఆయన ఉంటే మొదటి హక్కు ఆయనదే. ఆస్తి విలువ చూసి మాత్రం పేదరాలని తేల్చేయకండి. 1898కి ముందు ఆ అంకెలో ఇళ్లు, భూములు కలిసేవి కావు.

పెళ్లయిన అక్కచెల్లెళ్ల వీలునామాలు 1883కి ముందు అరుదు. భర్త ఒప్పుకోనిదే భార్య వీలునామా రాసే వీలు దాదాపు లేదు. 1882 నాటి ఆస్తి చట్టం ఆ మరుసటి జనవరి 1న అమల్లోకి వచ్చాకే ఇది మారింది. అందుకే ఆ ఇంటి ఆడవాళ్లందరి గురించీ ఎక్కువ చెప్పేది పెళ్లికాని ఆ ఒక్కామె వీలునామాయే.

దాన్ని చదివేటప్పుడు మన తెలుగు వరసలు బాగా పనికొస్తాయి. ఇంగ్లీషులో 'నీస్' అంటే అన్న కూతురూ కావచ్చు, అక్క కూతురూ కావచ్చు. మనకైతే ఒకరు మేనకోడలు, ఇంకొకరు కూతురు వరస. కాబట్టి 'నా నీస్‌కి రంగుల పెట్టె' అని కనిపించగానే ఆగి, ఆ పిల్ల ఇంటిపేరు చూడండి. చిత్రకారిణి ఇంటిపేరే అయితే మేనకోడలు కావడానికే ఎక్కువ అవకాశం. వేరే ఇంటిపేరైతే అక్కచెల్లెళ్ల కూతురో, పెళ్లయిన మేనకోడలో అయి ఉండాలి. ఆ పేరుతో పెళ్లి నమోదు వెతికితే తేలిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ రోజుల్లో 'డాటర్ ఇన్ లా' అని మారుకూతురినీ రాసేవారు. కోడలనుకుని ముందుకు పోతే తల్లి మొదటి పెళ్లి సంతానం మొత్తం జారిపోతుంది. మొక్కలనూ పువ్వులనూ చిత్రించిన మరియాన్ నార్త్ (1830–1890) తల్లికి అది రెండో పెళ్లి, మొదటి పెళ్లిలో జానెట్ షటిల్‌వర్త్ అనే కూతురు ఉంది. నార్త్ అనే పేరు ఒక్కటే పట్టుకుని వెతికితే ఈ అక్క కనిపించదు.

ఇక తోబుట్టువుల పట్టిక వేయండి. నిలువుగా పేర్లు, అడ్డంగా జనాభా లెక్కల సంవత్సరాలు: 1841 నుంచి పదేళ్లకోసారి 1921 దాకా. 1931 లెక్కల కాగితాలు 1942లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. ఆ ఖాళీకి 1939 సెప్టెంబరు 29న జనాన్ని నమోదు చేసిన రిజిస్టరే దిక్కు. ఒక్కో గడిలో ఇల్లు, యజమానితో సంబంధం, వృత్తి, పుట్టిన ఊరు రాసుకోండి. 1841లో సంబంధం రాయలేదు, పదిహేను దాటినవాళ్ల వయసును సాధారణంగా కిందున్న అయిదు గుణకానికి తగ్గించి రాశారు. 24 ఏళ్ల మనిషి అక్కడ 20 అని ఉంటుంది. 1911లో చిత్రకారిణి ఎక్కడా కనిపించకపోతే కంగారుపడకండి. ఓటుహక్కు కోసం పోరాడిన స్త్రీలు కొందరు జనాభా లెక్క తీసిన రాత్రి లెక్కకు చిక్కకుండా కావాలనే తప్పుకున్నారు. తోబుట్టువుల ఇళ్లలోనూ లేదంటే ఆ దిశగా ఆలోచించాల్సిందే.

ఇద్దరు పిల్లల మధ్య మూడేళ్లకు మించి ఎడం ఉంటే అక్కడ ఒక బిడ్డ పోయి ఉండొచ్చు. జనన సూచికలో ఇంటిపేరుతో పాటు తల్లి పుట్టింటి పేరు కూడా ఇచ్చి అదే జిల్లాలో వెతకండి. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం మామూలు, ఇద్దరినీ ఒక్కరిగా కలిపేయకండి. సూచికలోని త్రైమాసికం నమోదుది, పుట్టినది కాదు. నమోదుకు ఆరు వారాల గడువు ఉండేది కాబట్టి మార్చిలో పుట్టిన బిడ్డ జూన్ త్రైమాసికంలో తేలవచ్చు. 1875కి ముందు నమోదు చేయించకుండా తప్పించుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటప్పుడు బాప్టిజం రిజిస్టరు చూడాలి.

పేర్ల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఆనాటి మర్యాద ప్రకారం పెళ్లికాని కూతుళ్లలో పెద్దామె ఒక్కతే ఇంటిపేరుతో 'మిస్ నార్త్', చెల్లెలు 'మిస్ కేథరిన్ నార్త్'. పెద్దామెకు పెళ్లయితే ఆ పిలుపు తర్వాతి ఆమెకు వస్తుంది. అంటే పదేళ్ల తేడాతో వచ్చిన రెండు ప్రదర్శన కేటలాగుల్లో ఒకే 'మిస్' ఇద్దరు అక్కచెల్లెళ్లు కావచ్చు. అక్కకు ఏ ఏడాది పెళ్లయిందో ముందు తేల్చుకుని ఆ తర్వాతే బొమ్మలను పంచండి. పొడి అక్షరాలతో ఇంకా జాగ్రత్త: చిత్రకారిణి లారా హెర్‌ఫోర్డ్ ఆడమనిషని తెలియకుండా పొడి అక్షరాలతోనే బొమ్మ పంపి 1860లో లండన్‌లోని రాయల్ అకాడమీ చిత్రకళా బడిలో చోటు సంపాదించింది. ఏబ్రహాం, రెబెకా, సిమియన్ సాలొమన్ లాగా తోబుట్టువులంతా చిత్రకారులైన ఇంట్లో ఒక్క అక్షరం తేడాతో బొమ్మ మనిషి మారిపోతుంది. కేటలాగులో చిత్రకారుల చిరునామాలు ఉంటాయి, వాటిని మీ పట్టికలోని ఇళ్లతో సరిచూడండి.

కాగితాలు దొరికే చోటు చాలాసార్లు బావగారి ఇంటిపేరు కింద ఉంటుంది. మరియాన్ ఆత్మకథను 1892లో అచ్చుకు సిద్ధం చేసింది చెల్లెలు కేథరిన్. పుస్తకం మీద మాత్రం ఆమె మిసెస్ జాన్ ఆడింగ్టన్ సిమండ్స్. ఆర్కైవుల్లో వెతికేటప్పుడు ప్రతి అక్కచెల్లెలి అత్తింటి పేరూ విడిగా కొట్టి చూడండి.

చివరగా బొమ్మ వెనకవైపు. ప్రదర్శన చీటీ, చేత్తో రాసిన చిరునామా, కాన్వాసు అమ్మినవాళ్ల ముద్ర, అన్నీ అక్కడే ఉంటాయి. ముద్రలోని దుకాణం చిరునామా ఏయే ఏళ్లలో వాడుకలో ఉందో తెలిస్తే, బొమ్మ అంతకు ముందుది కాదని తేలుతుంది. ఫ్రేము మార్చే ముందే ఫొటో తీయండి: పక్కన స్కేలు పెట్టి, కాంతి ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా. చెరిగిపోయిన పెన్సిలు రాత అలాగే బయటపడుతుంది. చీటీ ఊడి వస్తుంటే పీకకండి, అతికించకండి, ఎలా ఉందో అలాగే వదిలి సంరక్షణ నిపుణులకు చూపించండి.