చెక్క యుద్ధనౌక మోడల్ కిట్‌తో కట్టడం ఎలా?

చెక్క ఓడ కట్టాలని సరదాపడే వాళ్ళ కన్ను ముందుగా పడేది విక్టరీ మీదే. 1765లో ఇంగ్లండ్‌లోని చాథమ్‌లో నీళ్ళలోకి దిగింది, 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఉన్న ఓడ, ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో నిలబడి ఉంది. మూడు మాస్ట్‌లు (తెరచాపలు కట్టే నిలువు స్తంభాలు), 104 ఫిరంగులు. నేను కొన్న మొదటి కిట్ కూడా అదే. రెండేళ్ళు గడిచినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండటంతో చివరికి అటకెక్కించాను. ఒక్కో ఫిరంగి బండికి నాలుగు చక్రాలు. సగం ఫిరంగులే పైకి కనబడతాయనుకున్నా రెండొందల పైచిలుకు చక్రాలు. ప్రతి ఫిరంగికీ వెనక్కి తన్నకుండా ఆపే తాడు, అటూ ఇటూ లాగే కప్పీలు. ఇదంతా మాస్ట్‌ల దాకా వెళ్ళకముందే.

అందుకే మొదటిసారి కట్టేవాళ్ళకు నా సలహా ఒక్కటే: ఒకే మాస్ట్ ఉన్న చిన్న యుద్ధనౌకతో మొదలుపెట్టండి. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది షెర్బోర్న్. 1763లో లండన్ దగ్గరి వూల్విచ్‌లో కట్టిన కట్టర్ ఇది, ఒకే మాస్ట్ ఉన్న చిన్న నౌకను అలా అంటారు. ఇంగ్లిష్ చానల్లో దొంగసరుకు దించే పడవలను తరమడం ఇలాంటి నౌకల పని. చిన్నదే అయినా ఫిరంగులు, చెక్క పట్టీలు, తాళ్ళు అన్నీ ఉంటాయి. పెద్ద ఓడలో నేర్చుకోవాల్సిన పనులన్నీ ఇందులోనూ చేయాల్సి వస్తాయి, కాకపోతే వందసార్లు కాకుండా పదిసార్లే. దీని కిట్ 1:64 స్కేలులో దొరుకుతుంది. పూర్తయ్యాక పొడవు అరమీటరు దాకా వస్తుంది, షోకేస్‌లో పట్టేస్తుంది.

మన దగ్గర ఇలాంటి కిట్లు ఎక్కువగా బయటి దేశాల నుంచి తెప్పించుకోవాల్సినవే. ధర చూసేటప్పుడు రవాణా, కస్టమ్స్ సుంకం కూడా కలిపి లెక్క వేసుకోండి.

ముందు ఒక అట్టమనిషిని చేసుకోండి

1:64 అంటే అసలు ఓడ మీద ఒక అడుగు మోడల్ మీద ఐదు మిల్లీమీటర్ల కన్నా కాస్త తక్కువ. ఐదున్నర అడుగుల నావికుడు 26 మిల్లీమీటర్లు ఉంటాడు. ఆ కొలతకు అట్టముక్కతో ఒక మనిషి ఆకారం కత్తిరించి బల్ల మీద పెట్టుకోండి. పిల్లచేష్టలా అనిపిస్తుంది గానీ నాకు కొలతబద్ద కంటే వీడే ఎక్కువ పనికొచ్చాడు. తాడు మరీ లావుగా ఉందా, మెట్లు మరీ దూరమయ్యాయా అనేది వీడిని పక్కన నిలబెడితే వెంటనే తెలిసిపోతుంది.

పనిముట్లకు పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. పదునైన క్రాఫ్ట్ కత్తి, దానికి బోలెడు బ్లేడ్లు, చిన్న రంపం, ఆకురాయి, 120 నుంచి 400 నంబరు దాకా గరుకు కాగితాలు, చేత్తో తిప్పే డ్రిల్లు, సన్నటి పట్టకారు, మూలమట్టం, బట్టలారేసే క్లిప్పులు రెండు డజన్లు. జిగురు విషయానికొస్తే చెక్కపనికి వాడే తెల్ల జిగురే అసలైనది. సూపర్ గ్లూ చుక్క చుక్కగా, అవసరమైన చోట మాత్రమే. అది చెక్క మీద పడితే మరక ఇంకిపోతుంది. తర్వాత వార్నిష్ వేశాక అక్కడ నూనె పడ్డ చొక్కాలా కనబడుతుంది.

పెట్టె తెరిచిన ఉత్సాహంలో పలకల్లోంచి ముక్కలన్నీ ఊడదీయకండి. ప్లాన్ కాగితాలను జిరాక్స్ తీయించుకుని, అసలువి దాచేయండి. ఏ రోజు ఏ ముక్క కావాలో దాన్నే కత్తితో కోసి తీసి, దాని నంబరు పెన్సిల్‌తో రాసుకోండి.

అస్థిపంజరం

ఇలాంటి కిట్లలో ఓడకు మధ్యలో ప్లైవుడ్ వెన్నుపలక ఒకటి ఉంటుంది. దానికి అడ్డంగా పక్కటెముకల్లా అడ్డుపలకలు దూరుస్తారు. ముందుగా వెన్నుపలకను కిటికీ అద్దం మీద పరిచి చూడండి. ఏమాత్రం వంగి ఉన్నా తడిపి, సరిచేసి, బరువు పెట్టి రెండు రోజులు వదిలేయండి. ఇక్కడ ఒక మిల్లీమీటరు వంకరను వదిలేస్తే చివర్లో మాస్ట్ నిలబెట్టేటప్పుడు అది మిమ్మల్ని పలకరిస్తుంది.

వెన్నుపలక వెనక భాగాన్ని, అంటే చుక్కాని వచ్చే చోటును, రెండు వైపులా పల్చగా చెక్కాలి. రెండు పొరల పట్టీలూ అక్కడికి వచ్చి కలుస్తాయి కాబట్టి ముందే చోటు వదలకపోతే ఓడ తోక లావెక్కిపోతుంది. సూచనల పుస్తకంలో ఇది ఒక్క వాక్యంలో ఉంటుంది. చాలామంది గమనించకుండా పేజీ తిప్పేస్తారు.

అడ్డుపలకలను జిగురు లేకుండా ఒకసారి అన్నీ దూర్చి చూడండి. బిగుతుగా ఉంటే ఆకురాయితో ఒక గీత, అంతే, సుత్తితో కొట్టొద్దు. తర్వాత ఒక్కొక్కటీ మూలమట్టం పెట్టి అతికించండి. పైన డెక్ (ఓడ పైనేల) పలక కూడా పడ్డాక మొత్తం గట్టిపడుతుంది.

ఇక అసలు పని. నన్నడిగితే ఓడ అందం తేలేది ఇక్కడే. అడ్డుపలకల అంచులు లేజర్‌తో కోసినవి కాబట్టి బల్లపరుపుగా, నల్లగా కాలి ఉంటాయి. కానీ ఓడ పక్కలు ముక్కు దగ్గర, తోక దగ్గర లోపలికి తిరుగుతాయి. పట్టీ ఆ అంచు మీద పూర్తిగా ఆనాలంటే అంచును ఏటవాలుగా అరగదీయాలి. ముక్కు వైపున్న అడ్డుపలకల్లో ముందు అంచు అరగాలి, వెనక అంచు అలాగే ఉండాలి. తోక వైపు దీనికి సరిగ్గా తిరగబడుతుంది. ఎంత అరగదీయాలో ఆ కాలిన నలుపే చెబుతుంది. అరగకూడని అంచున వెంట్రుకవాసి నల్లగీత మిగిలేదాకా అరగదీసి ఆగండి. ఆ గీత కూడా పోయిందంటే పలక కొలత తగ్గిపోయినట్టే.

గరుకు కాగితాన్ని వేళ్ళతో పట్టుకుని రుద్దితే అంచులు గుండ్రంగా అయిపోతాయి. పొడుగాటి చదునైన కర్రముక్కకు అంటించి, ఒకేసారి మూడు నాలుగు అడ్డుపలకల మీద సాగేలా రుద్దండి. మధ్యమధ్యలో ఒక పట్టీని ముక్కు నుంచి తోక దాకా వంచి పట్టుకుని, వెనక లైటు పెట్టి చూడండి. పట్టీకీ అంచుకూ మధ్య వెలుతురు కనిపిస్తే ఇంకా పని ఉందన్నమాట. నాకు దీనికే నాలుగు ఆదివారాలు పట్టాయి. ఇంట్లోవాళ్ళకు చూపించడానికి కొత్తగా ఏమీ కనబడదు, పొట్టు తప్ప.

పట్టీలు వేయడం

మొదటి పొరకు లైమ్ చెక్క (నిమ్మ కాదు, లిండెన్ చెట్టుది) పట్టీలు ఇస్తారు. ఇది పైకి కనబడదు కాబట్టి ధైర్యంగా చేయండి. పట్టీలను అరగంట నీళ్ళలో నానబెట్టి, వేడి చేసి వంచాలి. బట్టలు ఇస్త్రీ చేసే పెట్టె అంచు చాలు. ముక్కు వంపు ఎక్కువగా ఉంటే స్టీలు గ్లాసు చుట్టూ తిప్పి క్లిప్పులు పెట్టి ఆరనివ్వండి. తడి పట్టీని అలాగే అతికిస్తే ఆరాక కుంచించుకుపోయి సందులు వస్తాయి.

మధ్యలో ఓడ లావు, కొసల్లో సన్నం. అన్ని పట్టీలూ ఒకే వెడల్పుతో వేసుకుంటూ పోతే ముక్కు దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. చీర కుచ్చిళ్ళు కావు గదా, అక్కడ మడత పడదు, పట్టీ పైకి లేస్తుంది. అందుకే ముందే లెక్క వేసుకోవాలి. మధ్య అడ్డుపలక మీద కాగితపు పట్టీ పరిచి కొలిస్తే 90 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. పట్టీ వెడల్పు 5 అయితే 18 పట్టీలు కావాలి. అదే ముక్కు దగ్గర కొలిస్తే 63 వచ్చింది. 63ని 18తో భాగిస్తే మూడున్నర. అంటే ప్రతి పట్టీనీ ముక్కు కొసలో మూడున్నరకు సన్నం చేయాలి. సగం కన్నా తక్కువ వస్తోందంటే మాత్రం ఒక పట్టీని మధ్యలోనే ఆపేయండి, లేకపోతే ఆ సన్నటి కొస విరిగిపోతుంది. తోక దగ్గర దీనికి భిన్నంగా ఖాళీలు మిగలొచ్చు. అక్కడ త్రికోణాకారపు ముక్కలు దూర్చాలి.

ఎడమ వైపు ఒకటి వేస్తే వెంటనే కుడి వైపు ఒకటి. ఒకే వైపు నాలుగైదు వేసుకుపోతే ఆరేటప్పుడు అన్నీ కలిసి వెన్నుపలకను తమ వైపు లాగేస్తాయి.

మొదటి పొర అయ్యాక అంతా నునుపు చేసి, గుంతల్లో చెక్కపొట్టు, తెల్ల జిగురు కలిపిన ముద్ద నింపండి. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడమండి. కంటికి కనబడని ఎత్తుపల్లాలు వేళ్ళకు దొరుకుతాయి. రెండో పొర వాల్‌నట్ చెక్కది, పల్చగా ఉంటుంది. పద్ధతి అదే, కానీ ఇక్కడ తొందర పనికిరాదు. జిగురు బయటికి వస్తే తడిగుడ్డతో అప్పుడే తుడిచేయండి.

డెక్ పట్టీలకు ఒక చిన్న చిట్కా ఉంది. అసలు ఓడల్లో పలకల మధ్య సందుల్లో జనపనార కూరి, కరిగించిన పిచ్ (తారులాంటి నల్లటి బంక) పోసేవారు. ఆ నల్లగీత రావాలంటే ప్రతి పట్టీ ఒక అంచుకు మెత్తటి పెన్సిల్ రుద్ది అతికిస్తే సరి. మార్కర్ పెన్ వాడితే ఇంకు చెక్కలోకి పాకుతుంది.

రంగులు, ఫిరంగులు

నీటిగీత (ఓడ నీళ్ళలో మునిగే మట్టం) కింద రాగి రేకులు అంటించాలా అని చాలామంది అడుగుతారు. ఓడ ఏ ఏడాదిదో చూడండి. బ్రిటిష్ నౌకాదళం రాగి తొడుగును 1761లో అలార్మ్ అనే ఓడ మీద ప్రయోగంగా మొదలుపెట్టింది. విక్టరీకి వేసింది 1780లో. 1763 నాటి చిన్న కట్టర్‌కు రాగి అంటిస్తే మెరుస్తుంది గానీ అబద్ధం అవుతుంది. అప్పట్లో అడుగుభాగానికి చేపనూనె లాంటి నూనెలు, గుగ్గిలం, గంధకం కలిపిన తెల్లటి పూత వేసేవారు. కాబట్టి పాలమీగడ రంగు సరిపోతుంది. నీటిగీత గీయడానికి ఓడను బల్ల మీద సరైన వాలులో కదలకుండా నిలబెట్టి, తగిన ఎత్తున్న చెక్కదిమ్మకు పెన్సిల్ కట్టి చుట్టూ తిప్పండి.

డెక్ చుట్టూ ఉండే గోడల లోపలి వైపుకు ఎర్ర కావి రంగు. యుద్ధంలో రక్తం కనబడకుండా ఉండటానికని కథ చెబుతారు. నాకైతే ఎర్రమట్టి రంగు చవగ్గా దొరకడమే కారణమనిపిస్తుంది. ఫిరంగి గొట్టాలకు మెరుపు లేని నలుపు వేయండి. బండ్లను ఒక్కొక్కటిగా కాకుండా, అన్నింటి పక్కపలకలు ఒకసారి, అన్నింటి ఇరుసులు ఒకసారి అతికించుకుంటూ పోతే త్వరగా తెములుతుంది.

మాస్ట్, తాళ్ళు

మాస్ట్‌కు ఇచ్చే గుండ్రటి కర్రను పైకి పోయేకొద్దీ సన్నం చేయాలి. డ్రిల్లుకు బిగించి, గరుకు కాగితంలో పట్టుకుని తిప్పండి. ముక్కు నుంచి ముందుకు పొడుచుకొచ్చే పొడవాటి కొయ్య కట్టర్లలో సరిగ్గా మధ్యలో ఉండదు, ముక్కుకు పక్కగా వెళుతుంది. అవసరమైతే లోపలికి లాక్కునేలా పెట్టిన ఏర్పాటు అది. తప్పు పెట్టామేమోనని టెన్షన్ పడి సరిచేయబోకండి.

మాస్ట్‌ను నిలబెట్టి ఉంచే తాళ్ళు నల్లవి, ఎందుకంటే వాటికి తారు పూసేవారు. తెరచాపలను కదిలించే తాళ్ళు లేత గోధుమరంగువి. కట్టేముందు దారాన్ని తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగితే నూగు అణిగిపోతుంది. నల్లతాళ్ళ కింద మూడు కన్నాల గుండ్రటి బిళ్ళలు జతగా వస్తాయి. వాటి మధ్య దూరం అన్నిచోట్లా సమానంగా ఉండాలి. గట్టి తీగను రెండు కొసలా వంచి కొలతబద్దలా చేసుకుని, ప్రతి జత మధ్యా దాన్నే పెట్టి కట్టండి. ఎడమ, కుడి మార్చి మార్చి బిగించండి. ఒకేసారి పూర్తిగా బిగిస్తే మాస్ట్ అటు ఒరుగుతుంది.

నావికులు పైకి ఎక్కే మెట్లతాళ్ళు దాదాపు 13 అంగుళాలకొకటి ఉంటాయి. మన స్కేలులో 5 మిల్లీమీటర్లు. గీతల కాగితాన్ని తాళ్ళ వెనక క్లిప్పు పెట్టి, గీత గీతకూ ముడి వేసుకుంటూ పోండి. రోజుకు అరగంట చాలు, అంతకు మించితే ముడులు బిగుసుకుని పక్క తాళ్ళను లోపలికి లాగేస్తాయి. ఇక్కడే అట్టమనిషిని మెట్ల పక్కన నిలబెట్టి చూడండి. వాడు కాలు చాచి ఎక్కగలిగేలా ఉందంటే కొలత సరిపోయినట్టే.

చివరిగా జెండా. కిట్‌లో ఇచ్చిన ఎర్రజెండా మూలలో యూనియన్ గుర్తు, అంటే బ్రిటన్ జెండా గుర్తు, ఉంటుంది. అందులో ఐమూలగా ఎర్రగీతలు కూడా ఉంటే ఆ జెండా 1801 తర్వాతిది. ఐర్లండ్ గుర్తుగా వాటిని చేర్చింది అప్పుడే. 1763 ఓడకు అది పనికిరాదు, సన్నటి గుడ్డ మీద కొత్తది వేసుకోండి. నీళ్ళు కలిపిన తెల్ల జిగురులో ముంచి, ఐమూలగా రెండు మడతలు పడేలా పట్టకారుతో సర్ది ఆరనిస్తే గాలి లేనప్పటి జెండాలా వేలాడుతుంది. పలకలా నిటారుగా నిలబడే జెండా చూస్తే నాకు స్కూల్లో డ్రామా గుర్తొస్తుంది.

ఆరిన రోజే గాజుపెట్టెలో పెట్టేయండి. తాళ్ళ మధ్య దుమ్ము చేరితే ఏ కుంచెతోనూ పూర్తిగా పోదు. అట్టమనిషిని నేను తీయలేదు, డెక్ మీద చుక్కాని దగ్గర వదిలేశాను.