అమెరికా స్టూడెంట్ వీసా సీజన్ మొదలైంది, మీ ఫైల్ ఎవరి చేతిలోనో పెట్టకండి

ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) అడ్మిట్లు వచ్చేసి ఐ-20లు, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ఫారాలు, మెయిల్‌కి వస్తున్న టైమ్ ఇది. ఇంక జులై దాకా మన ఊళ్లల్లో ఏ ఇంట్లో చూసినా ఇదే గోల, ఇంటర్వ్యూ స్లాట్ దొరికిందా, హైదరాబాదా చెన్నైయా, ఫలానా వాళ్లబ్బాయికి రిజెక్ట్ అయిందంటగా ఏం అడిగారంట అని. అందరి భయమూ ఇంటర్వ్యూలో ఆఫీసర్ కిటికీ ముందు నించునే రెండు మూడు నిమిషాల మీదే. కానీ చాలా కేసులు అక్కడికి వెళ్లేసరికే పాడైపోయి ఉంటాయి, అంతకు నెల ముందు అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎవరో కన్సల్టెన్సీ కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని మన పేరు మీద ఏదో ఒకటి టైప్ చేసి సబ్మిట్ కొట్టినప్పుడే. అందుకని నేను చెప్పేదంతా ఆ ముందు పని గురించే ఎక్కువ ఉంటది.

ముందు పాస్‌పోర్ట్ తీసి పేరు చూసుకోండి. మనకి ఇంటిపేరుతో ఎప్పుడూ తంటానే, టెన్త్ మెమోలో ఇనీషియల్ ఒక్కటే ఉంటది, ఆధార్‌లో ఇంటిపేరు చివర్లో ఉంటది, పాస్‌పోర్ట్‌లో మొత్తం పేరు ఒకే గడిలో పడి రెండో గడి ఖాళీగా ఉంటది. అలా ఒకే గడిలో పేరున్న పాస్‌పోర్ట్‌తో వెళ్తే వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని పడుద్ది, అంటే మొదటి పేరు తెలీదు అని, తర్వాత అక్కడ డ్రైవింగ్ లైసెన్స్ దాకా ఆ ఎఫ్ఎన్‌యూ గారు వెంటపడి వస్తారు. టైమ్ ఉంటే పాస్‌పోర్ట్ రీఇష్యూకి పెట్టి సర్‌నేమ్, గివెన్ నేమ్ విడగొట్టించుకుని ఆ కాపీనే యూనివర్సిటీకి పంపండి. ఐ-20, డీఎస్-160 (ఆన్‌లైన్‌లో నింపే వీసా అప్లికేషన్ ఫారం), సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ సిస్టమ్) ఫీజు రసీదు ఈ మూడింట్లో పేరూ పుట్టినతేదీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

ఫీజులు రెండు వేర్వేరు, కలిపేసుకోవద్దు. సెవిస్ ఫీజు 350 డాలర్లు, అది ఐ-20 మీద ఎన్‌తో మొదలయ్యే నంబర్ వేసి కట్టేది. వీసా ఫీజు 185 డాలర్లు, అది స్లాట్ బుక్ చేసే సైట్‌లో కట్టేది. మూడు నాలుగు యూనివర్సిటీల నుంచి ఐ-20లు తెప్పించుకున్న వాళ్లు ఏ యూనివర్సిటీకి వెళ్తారో తేల్చుకున్నాకే సెవిస్ కట్టండి, ఎందుకంటే ఒక్కో ఐ-20కి ఒక్కో నంబర్, ఒకదానికి ఫీజు కట్టి డీఎస్-160లో ఇంకోటి వేసి చేతిలో మూడోది పట్టుకుని వెళ్తే కౌంటర్ దగ్గర దిక్కులు చూడాలి.

ఇప్పుడు అసలు సంగతి, డీఎస్-160. కన్సల్టెన్సీకి వెళ్తే "నీకెందుకు తమ్ముడూ ఆ తలనొప్పి, పాస్‌పోర్టూ ఐ-20 వాట్సాప్‌లో పెట్టెయ్, సాయంత్రానికి కన్ఫర్మేషన్ పేజీ పంపిస్తాం" అంటారు. ప్రాణానికి హాయిగా ఉంటది వినడానికి. వాళ్లకి సీజన్‌లో గుట్టలు గుట్టలుగా ఫైళ్లు, పొద్దున నింపిన పిల్లోడి ఫారమే ఓపెన్ చేసి పేరు మార్చి మిగతాది అలాగే ఉంచేసే వాళ్లు కూడా ఉన్నారు. తెలిసిన వాళ్లమ్మాయి సబ్మిట్ అయిపోయిన ఫారం నాకు చూపించింది, వాళ్ల నాన్న టీచర్‌గా రిటైర్ అయితే ఫారంలో బిజినెస్ అని ఉంది, సొంత అక్క డాలస్‌లో హెచ్-1బీ మీద ఉంటే అమెరికాలో దగ్గరి బంధువులు ఎవరూ లేరు అని ఉంది. ఎందుకిలా రాశారని అడిగితే అక్క ఉందంటే తిరిగి రావనుకుంటారమ్మా, అందరికీ ఇలాగే పెడతాం అన్నారంట. అక్క వివరాలు కాన్సులేట్ వాళ్ల రికార్డుల్లోనే ఉన్నాయి కదా, ఆమె కూడా ఇదే హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుని వెళ్లిన మనిషే కదా! అక్క ఉండటం తప్పేం కాదు, దాచటమే తప్పు. అదృష్టం కొద్దీ ఇంటర్వ్యూకి ఇంకా టైమ్ ఉంది కాబట్టి కొత్త ఫారం నింపి, అపాయింట్‌మెంట్‌లో కొత్త నంబర్ మార్పించుకుంది.

ఈ ఫారంలో చివర్లో ఒక ప్రశ్న ఉంటది చూడండి, ఇది నింపడానికి మీకు ఎవరైనా సాయం చేశారా అని. కన్సల్టెన్సీ వాళ్లు నింపి కన్సల్టెన్సీ వాళ్లే దానికి నో కొడతారు. సంతకం మాత్రం మనది, రేపు అబద్ధమని తేలితే అడిగేది మనల్నే. పట్టుమని రెండు గంటల పని అది, ఇంట్లో కూర్చుని సొంతంగా నింపుకోండి. అప్లికేషన్ ఐడీ ముందే నోట్ చేసి పెట్టుకోండి, కాసేపు కదిలించకుండా వదిలేస్తే సైట్ బయటికి తోసేస్తది, అందుకే పేజీ పేజీకి సేవ్ కొట్టాలి. ఇంతకుముందు వీసా రిజెక్ట్ అయిందా అన్న దగ్గర అయితే అయిందనే రాయండి, పోయినేడు వేరే కాన్సులేట్‌లో అయిందిలే వీళ్లకేం తెలుసు అనుకోవద్దు, అన్ని కాన్సులేట్లకీ కనిపించేది ఒకటే సిస్టమ్. మామూలు రిజెక్షన్ అంటే 214బీ, చదువయ్యాక తిరిగొస్తారని వాళ్లకి నమ్మకం కుదరలేదని, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ వెళ్లొచ్చు. అబద్ధం చెప్పారనో దొంగ కాగితం పెట్టారనో ముద్ర పడితే అది జీవితాంతం వెంటాడే బ్యాన్, రేపు పెళ్లయ్యి భర్తతోనో భార్యతోనో వెళ్దామన్నా అడ్డొస్తది. తల్లిదండ్రులకి చాలామందికి ఈ రెండింటికీ ఉన్న తేడా ఎవరూ చెప్పట్లేదు.

డబ్బుల దగ్గర ఇంకా ఎక్కువ గందరగోళం. ఫండ్స్ షో అని ఒక వ్యాపారం నడుస్తది మన దగ్గర, ఎవరి డబ్బో మీ నాన్న అకౌంట్‌లో కొన్నాళ్లు పెట్టి, కమిషన్ తీసుకుని, బ్యాంక్ లెటర్ రాగానే లాగేసుకుంటారు. ఆఫీసర్లు ఏళ్ల తరబడి ఇవే ఫైళ్లు చూస్తున్నారు, ఏడాదంతా నలభై వేలు దాటని అకౌంట్‌లో మొన్న గురువారం ముప్పై లక్షలు పడితే వాళ్లకి చెప్పక్కర్లేదు. ఐ-20లో రాసిన మొదటి ఏడాది ఖర్చు ఎంతో చూడండి, దానికి సరిపడా ఎక్కడ్నుంచి వస్తుందో, తర్వాతి ఏడాది సంగతేంటో ఉన్నది ఉన్నట్టు చూపించండి. ఎడ్యుకేషన్ లోన్ అయితే బ్యాంక్ శాంక్షన్ లెటర్ చాలా గట్టి కాగితం, లోన్ తీసుకోవటం నామోషీ ఏం కాదు. నాన్న వ్యవసాయం చేస్తారంటే వ్యవసాయమనే చెప్పండి, పట్టాదారు పాస్‌బుక్, తహసీల్దార్ ఇచ్చే ఇన్‌కమ్ సర్టిఫికెట్, మిర్చో పత్తో అమ్మిన డబ్బులు పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టుకోండి. సీఏ గారు రాసిచ్చే ఆస్తుల లెక్కలో పొలం విలువ ఆకాశంలో ఉండి ఆదాయం పాతాళంలో ఉంటే దానికి మీరే జవాబు చెప్పుకోవాలి, కాబట్టి ఆ కాగితం ముందు మీరు చదవండి. లోన్ ఎంత, వడ్డీ ఎంత, ఎవరి పేరు మీద అనేది పిల్లలకి తెలీకపోవటం నేను చాలాసార్లు చూశాను, నాన్నకి తెలుసండీ అంటారు, కిటికీ దగ్గర నాన్న ఉండడు కదా.

యూనివర్సిటీ గురించి ఒక మాట. మన వాళ్లకి ఇది పాత దెబ్బే, కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ 2011లో వీసా మోసం కేసులో మూతపడినప్పుడు కాళ్లకి రేడియో ట్యాగులు వేయించుకున్న వాళ్లలో మన పిల్లలే ఎక్కువ. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ సంగతి ఇంకా ఘోరం, మిషిగన్‌లో ఆ ఉత్తుత్తి యూనివర్సిటీని వలగా పెట్టిందే అక్కడి ఇమిగ్రేషన్ పోలీసులు, పిల్లల్ని చేర్పించిన దళారులు తెలుగు వాళ్లు, ఇరుక్కున్నదీ తెలుగు పిల్లలే. ఆ ఫార్మింగ్టన్ పేరు ప్రభుత్వ సైట్‌లో గుర్తింపు ఉన్న లిస్టులో కూడా ఉండేది, అందుకని లిస్టులో పేరు చూసి ఊరుకోవద్దు. క్లాసులు నిజంగా జరుగుతున్నాయా, ప్రొఫెసర్లు ఎవరు, మీ కోర్సులో ఈ సెమిస్టర్‌కి ఏ సబ్జెక్టులు ఉన్నాయి, అక్కడ ఇప్పుడు చదువుతున్న సీనియర్ ఒకరితో ఫోన్‌లో మాట్లాడితే తెలిసిపోద్ది. క్లాసుకి వెళ్లక్కర్లేదు, మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు అని ఎవరైనా ఊరిస్తే అక్కడితో ఫోన్ పెట్టెయ్యండి.

స్లాట్ల విషయంలో ఓపిక కావాలి, ఇంతకు మించి మంత్రం ఏం లేదు. స్లాట్ ఇప్పిస్తాం ఇరవై వేలివ్వు, లాగిన్ పాస్‌వర్డూ సెక్యూరిటీ ప్రశ్నల జవాబులూ పంపు అనే ఏజెంట్లు టెలిగ్రామ్ నిండా ఉన్నారు. 2025 మార్చిలో బాట్లతో (వాటంతటవే స్లాట్లు పట్టేసే సాఫ్ట్‌వేర్‌తో) బుక్ చేసిన అపాయింట్‌మెంట్లు రెండు వేల దాకా ఎంబసీ వాళ్లు ఒక్కసారిగా క్యాన్సిల్ చేసి పారేశారు, ఏజెంట్‌కి ఇచ్చిన డబ్బులు ఎవరు తిరిగిస్తారు చెప్పండి. మీరు సొంతంగా చూసుకున్నా సరే, అదే పనిగా రిఫ్రెష్ కొడుతూ కూర్చుంటే అకౌంట్ లాక్ అయిపోద్ది. హైదరాబాద్‌లో లేకపోతే చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా ఏది దొరికితే అది తీసుకోండి, ఫలానా చోట రిజెక్షన్లు తక్కువ అనే లెక్కలకి పోవద్దు. పాతరోజుల్లో లాగా దుబాయో బ్యాంకాకో వెళ్లి చేయించుకుందామంటే కుదరదు, 2025 సెప్టెంబర్ నుంచి సొంత దేశంలోనో నివాసం ఉన్న దేశంలోనో అప్లై చెయ్యమంటున్నారు.

సోషల్ మీడియా దగ్గర చాలామంది తేలిగ్గా తీసుకుంటున్నారు. గత ఐదేళ్లలో వాడిన అకౌంట్ల పేర్లన్నీ డీఎస్-160లో రాయాలి, ఇంటర్‌లో ఉన్నప్పుడు తెరిచి మర్చిపోయిన ట్విట్టర్ అకౌంట్‌తో సహా. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా వాళ్లు ఆ అకౌంట్లని పబ్లిక్‌లో పెట్టాలని కూడా రూల్ వచ్చింది. భయపడి రాత్రికి రాత్రి అన్నీ డిలీట్ చేసేయటం కంటే ఉన్నవి సరిగ్గా రాసి, ప్రొఫైల్‌లో చదువూ ఉద్యోగమూ ఫారంలో రాసినదానితో కలుస్తున్నాయో లేదో చూసుకోవటం మంచిదని నా ఉద్దేశం. లింక్డ్‌ఇన్‌లో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ అని, ఫారంలో ఏమీ లేదని ఉంటే ఏది నమ్మాలి వాళ్లు?

ఇంటర్వ్యూకి వెళ్లాల్సిన చోట్లు రెండు, ఇది కూడా ప్రతి ఏడూ ఎవరో ఒకరు తికమకపడతారు. వేలిముద్రలూ ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న సెంటర్‌లో, ఇంటర్వ్యూ నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో. బేగంపేట పైగా ప్యాలెస్ అనేది పాత మాట, 2023లోనే అక్కడ్నుంచి మారిపోయింది, పాత తరం ఆటో అన్నలు ఇంకా అటు తీసుకెళ్తారేమో చూసుకోండి. కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, ఇంట్లో వాళ్ల దగ్గర పెట్టి వెళ్లండి. లోపల అడిగేవి మామూలు ప్రశ్నలే, ఎందుకీ యూనివర్సిటీ, ఎవరు కడుతున్నారు, బ్యాక్‌లాగ్స్ ఎన్ని, చదువయ్యాక ఏంటి. బట్టీ పట్టిన జవాబు వాళ్లకి ఇట్టే తెలిసిపోద్ది, ఎందుకంటే ఒకే కోచింగ్‌లో నేర్చుకున్న అదే పేరా, వరల్డ్ క్లాస్ ఫ్యాకల్టీ, రీసెర్చ్ ఫెసిలిటీస్ అంటూ ముందు నించున్న నలుగురూ చెప్పేసి ఉంటారు. మీ కోర్సులో మీకు నచ్చిన ఒక సబ్జెక్ట్, అది మీ బీటెక్ ప్రాజెక్ట్‌కి ఎలా అతుక్కుంటుంది, అంతే చెప్పండి, ఇంగ్లీష్ తడబడినా పర్లేదు. అడిగినదానికే జవాబు, అడగని ఫైలు తీసి ఇవ్వక్కర్లేదు. చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసుకోండి, నేను వద్దనను, ఎండ ఎక్కకముందే వెళ్లండి.

రిజెక్ట్ అయితే అక్కడ వాదించొద్దు, అప్పీల్ లాంటిది ఏం ఉండదు. వీసా ఫీజు పోయినట్టే, మళ్లీ వెళ్లాలంటే కొత్త డీఎస్-160, కొత్త ఫీజు, సెవిస్ మాత్రం ఏడాది లోపు అదే వీసాకి మళ్లీ కట్టక్కర్లేదు. ఏమీ మారకుండా వారంలోనే రెండో స్లాట్‌కి పరిగెత్తే కంటే మొదటిసారి ఎక్కడ తేడా కొట్టిందో కూర్చుని ఆలోచించాలి, మళ్లీ వెళ్లటానికి తేదీలు చాలకపోతే స్ప్రింగ్‌కి, అంటే జనవరి సెమిస్టర్‌కి, వాయిదా వేయించుకుని కొత్త ఐ-20 తెప్పించుకోండి. 221జీ స్లిప్ ఇస్తే కంగారుపడొద్దు, ఇంకా పూర్తి కాలేదు అని అర్థం, అడిగిన కాగితం ఏదో స్లిప్‌లో ఉంటది, అది పంపి ఎదురుచూడటమే.

వీసా వచ్చాక పాస్‌పోర్ట్ చేతికి రాగానే పేరూ తేదీలూ వీసా రకమూ అక్కడే చూసుకోండి. క్లాసులు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు దిగనివ్వరు, ఆఫర్‌లో చవగ్గా ఉందని నలభై రోజుల ముందుకి టికెట్ కొనకండి. వీసా ఉంది కదా అని ఎయిర్‌పోర్ట్‌లో ధీమా పనికిరాదు, 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో దిగిన 21 మంది మన దేశపు పిల్లల్ని ఒక్క రోజులో వెనక్కి పంపారు, వాళ్లలో చాలామంది తెలుగు వాళ్లే, ఫోన్లూ మెయిళ్లూ కూడా చూశారని అప్పట్లో చెప్పుకున్నారు. క్యాంపస్ లోపల వారానికి 20 గంటల పని వరకు ఓకే, బయట పెట్రోల్ పంపులోనో రెస్టారెంట్‌లోనో పని మాట్లాడుకున్న చాట్లు ఉన్నాయంటే మీరు దేనికి వస్తున్నారో మీ ఫోనే చెప్పేస్తది, కాబట్టి అసలు అలాంటి బేరాలు పెట్టుకోవద్దు. ఒరిజినల్ ఐ-20, లోన్ లెటర్, ఫీజు రసీదు, యూనివర్సిటీ వాళ్ల ఫోన్ నంబర్ ఒక కవర్‌లో పెట్టి చేతి బ్యాగ్‌లో ఉంచుకోండి, పెద్ద సూట్‌కేస్‌లో ఆవకాయ డబ్బాల కింద పెడితే లాభం లేదు, ఇమిగ్రేషన్ దాటాకే ఆ సూట్‌కేస్ మీ చేతికొచ్చేది.